తలుపు మీది లైటు తప్పు చోట ఉంటే: ఉంచాలా, జరపాలా, కొత్తది కట్టాలా?

సూర్యలంక బీచ్‌లో చీకటి పడ్డాక కారవాన్ ఆపి, పక్కనున్న ఆనింగ్ (నీడకి వేసే గుడ్డ పందిరి) బయటికి లాగి, కుర్చీలు వేసి, బయటి లైటు స్విచ్ నొక్కుతారు. గుడ్డ పైభాగం పట్టపగల్లా వెలిగిపోతుంది. గుడ్డ కింద కూర్చున్నవాళ్లకి మాత్రం కంచంలో ఏముందో కనబడదు. దీపం కింద చీకటి అన్న సామెతని స్క్రూలేసి బిగించినట్టుంటుంది.

లైటు తప్పు చోట ఉండటంలోనూ రకాలున్నాయి. ఆనింగ్ చుట్టుకునే డబ్బా కంటే పైన ఉండటం మొదటిది. సరిగ్గా గుమ్మం నెత్తిన ఉండటం రెండోది. తలుపు తీయగానే పురుగులన్నీ ఆ వెలుగు దారినే లోపలికొస్తాయి. మూడోది తలుపు తిరిగే కబ్జాల వైపు ఉండటం. తెరిచిన తలుపు రెక్క లైటుకి అడ్డం నిలబడి, మెట్టు మీద నీడ పరుస్తుంది. నాలుగోది పడక పక్క కిటికీకి ఆనుకుని ఉండటం. బయట ఒకరు కూర్చుంటే లోపల ఒకరికి నిద్ర ఉండదు. ఇక కరెంటు ప్లగ్గూ నీళ్ల ట్యాంకు మూతా ఒక వైపు, లైటు ఇంకో వైపు ఉన్న బండ్లకి లెక్కలేదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఏం చేయాలో తేల్చుకోవడం తేలిక. ఇంగ్లండులో కారు వెనక తగిలించుకునే టూరింగ్ కారవాన్లకి పక్క గోడ అంచు చుట్టూ ఒక పట్టాలాంటి గాడి ఉంటుంది. దాంట్లోకి గోడలున్న గుడారాన్ని జార్చి కడతారు. తలుపు పక్క గోడ మీదున్న లైటు ఆ గుడారం లోపలికి వస్తుంది కాబట్టి అక్కడ ఆ చోటు సరైనదే. మన దగ్గర ట్రావెలర్ వ్యాను మీద కట్టే కారవాన్లకి గుడారం ఉండదు, పైనుంచి బయటికి లాగే గుడ్డ ఒక్కటే. లైటు చోటు మాత్రం బొమ్మల్లో చూసినట్టే పెడతారు. పైగా చాలా బండ్లకి వైరింగ్ ఒకరు చేస్తారు, ఆనింగ్ తర్వాత ఇంకొకరు బిగిస్తారు. వైరు అందిన చోట లైటు, గోడ ఖాళీగా ఉన్న చోట ఆనింగ్. ఆ రెండింటినీ కలిపి ఆలోచించినవాళ్లు ఉండరు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

వెలుగు ఎక్కడ పడాలి? అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అన్నవి ఆ తర్వాత. బయట వెలుగు కావాల్సిన చోట్లు నాలుగు: మెట్టు, తాళం, కూర్చుని తినే లేదా వండే చోటు, ప్లగ్గూ నీళ్ల మూతా ఉండే మూల. ఒకే లైటుతో నాలుగూ కుదరవు. కుదిర్చేద్దామని 20 వాట్ల ఫ్లడ్ లైటు పెట్టించేవాళ్లున్నారు. వాళ్లకి దొరికేది కళ్లు చెదిరే వెలుగూ, పక్క బండివాళ్ల చీవాట్లూ. మీకు ఏ రెండు ముఖ్యమో కాగితం మీద రాసుకోండి.

పురుగులు. కృష్ణా డెల్టాలో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు, వరి ఎదిగే నెలల్లో సుడిదోమ, పచ్చదోమ. బందరు కాలవ గట్టునో పొలాల పక్కనో బండి ఆపితే తెల్ల లైటు చుట్టూ గుప్పెళ్లకొద్దీ చేరతాయి. పురుగుల కళ్లకి నీలం, అతినీలలోహిత కాంతి బాగా ఆనుతుంది. 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) తెల్ల లైటులో నీలం పాలు ఎక్కువ, 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగులో తక్కువ. నారింజకి దగ్గరగా ఉండే ఆంబర్ లైటులో మరీ తక్కువ. రంగు మార్చినంత మాత్రాన పురుగులు రాకుండా పోవు, తగ్గుతాయి. దోమల సంగతి వేరు. మనల్ని కుట్టే దోమ మనం వదిలే గాలినీ ఒంటి వేడినీ వాసననీ పట్టుకుని వస్తుంది కాబట్టి లైటు రంగు మారిస్తే దోమలు పోతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

గోడకి రంధ్రం. కారవాన్ గోడంటే పైన అల్యూమినియం రేకో ఫైబరో, మధ్యలో థర్మాకోలో ఫోమో, లోపల ప్లైవుడ్. నీళ్లు ఒక్కసారి మధ్యలోకి దిగితే ఆరవు. ప్లై ఉబ్బి, వాసన వచ్చి, లామినేట్ లేచేదాకా తెలియనే తెలియదు. అక్టోబర్, నవంబర్ తుఫాను వానల్లో గాలి వానని అడ్డంగా కొడుతుంది. మామూలు జల్లుకి కారని రంధ్రం అప్పుడు కారుతుంది. రంధ్రం లేకుండా పనయ్యే మార్గముంటే మొదటి ఓటు దానికే.

బ్యాటరీ. దీని గురించి భయపడేవాళ్లే ఎక్కువ, భయపడాల్సింది తక్కువ. మీటరుకి 4.8 వాట్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ 3 మీటర్లు కడితే 14.4 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు. రాత్రి 4 గంటలు వేస్తే 5 ఆంపియర్ అవర్ల లోపే. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలనుకున్నా, అందులో పదో వంతు. మీటరుకి 14.4 వాట్ల దట్టమైన స్ట్రిప్ అయితే ఇదే లెక్క మూడింతలవుతుంది, పైగా భోజనానికి అంత వెలుగు అక్కర్లేదు. కారవాన్ బ్యాటరీని దించేది ఫ్రిజ్జూ ఫ్యాన్లూ. లైటు వాటా చిన్నది, తెల్లవార్లూ మరచిపోతే తప్ప.

రోడ్డు మీద. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన లైటు పల్లె దారుల్లో తుమ్మకొమ్మలకి తగులుతుంది, ఇరుకు గేట్లలో రాసుకుంటుంది. 25 మిల్లీమీటర్ల మందం మించనివి వెతకండి. చట్టం మాటకొస్తే, కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 108వ నియమం ప్రకారం బండి ముందుకి ఎర్ర లైటు, వెనక్కి ఎరుపు కాని లైటు చూపకూడదు. నంబరు ప్లేటు, రివర్స్ లైట్ల వంటి వాటికే మినహాయింపు. కాబట్టి పక్కకి గానీ వెనక్కి గానీ పెట్టే లైట్లన్నీ ఇగ్నిషన్ వేయగానే ఆరిపోయేలా ఒక రిలే (తనంతట తానే మారే స్విచ్) పెట్టించుకోవడం మేలు. డ్రైవరు స్విచ్ ఆపడం మరచిపోయినా నష్టముండదు.

## డ్రిల్లు పట్టేముందు రెండు రాత్రులు

ఏ నిర్ణయమైనా ఈ పరీక్ష తర్వాతే. 12 వోల్టుల స్ట్రిప్ ముక్క ఒక మీటరు, రీచార్జి లైటు ఒకటి, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు తెచ్చుకోండి. బండిని ఇంటి ముందే ఆపి, ఆనింగ్ పూర్తిగా లాగి, తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి. లైటుని మూడు చోట్ల అంటించి చూడండి: ఆనింగ్ డబ్బా అడుగున, తలుపు గడియ వైపు భుజం ఎత్తున, మెట్టు పక్కన మోకాలి కింద.

ప్రతి చోటా మూడు పనులు చేయాలి. చేతిలో సామాను పట్టుకుని మెట్టు దిగండి. కాలు పెట్టే అంచు కనబడుతోందా? కుర్చీలో బండి వైపు తిరిగి కూర్చోండి. బల్బు కళ్లలో పడుతోందా? తర్వాత బండికి వీపు పెట్టి కూర్చోండి. మీ నీడ మీ కంచం మీదే పడుతోందా? రెండో రాత్రి లోపల పడుకుని చూడండి. షోరూములో ఎంత బాగున్నా ఈ మూడింటిలో తప్పే లైట్లు చాలా ఉంటాయి.

## ఒక్కో మార్గం ఎలా ఉంటుందంటే

### 1. ఉన్న చోటే ఉంచి, వెలుగుని మార్చడం

లైటు గుమ్మం నెత్తినో కిటికీ పక్కనో ఉంటే ముందు చూడాల్సిన మార్గం. మూడు పనులుంటాయి: తెల్ల బల్బు తీసి 3000 కెల్విన్‌ది వేయడం, వాట్లు తగ్గించడం, పైనా పక్కనా టోపీలాంటి మూత పెట్టి వెలుగుని కిందికి తిప్పడం. టోపీకి 20 మిల్లీమీటర్ల అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్క చాలు. లోపలి వైపు నల్ల మ్యాట్ రంగు వేసి, రెండు వైపులా అంటుకునే మందపాటి ఫోమ్ టేపుతో లైటు చట్రం మీదే అంటించవచ్చు. గోడకి రంధ్రం అక్కర్లేదు.

పాత బండ్లలో రెండు కొసలా లోహపు మూతలుండే గొట్టం బల్బులుంటాయి. పొడవు 31, 36, 39, 41 మిల్లీమీటర్లలో ఏదో కొలిచి తెచ్చుకోండి. పొట్టిది తెచ్చి క్లిప్పులు వంచి ఇరికిస్తే గతుకుల్లో వదులై మిణుకుమంటుంది. అంతకంటే ముఖ్యమైన హెచ్చరిక: పాత ఫిలమెంట్ బల్బు ఉండగా లెన్స్ లోపల ఫాయిల్ టేపు అంటించకండి, ఆ వేడికి ప్లాస్టిక్ లెన్స్ కరుగుతుంది. ముందు ఎల్‌ఈడీకి మారండి, తర్వాత టేపు.

లైటు ఆనింగ్ పైన ఉంటే మాత్రం ఈ మార్గంతో పనవదు. గుడ్డ అడ్డం ఉన్నాక ఏ బల్బైనా ఒకటే.

### 2. లైటుని జరపడం

కబ్జాల వైపున్న లైటుకి అసలు మందు ఇదే. గడియ వైపుకి, తలుపు చట్రానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, ఆనింగ్ డబ్బాకి కింద. దీంతో మెట్టూ తాళమూ రెండూ కనబడతాయి, తలుపు నీడ పడదు. పక్కకి జారే తలుపున్న బండైతే రెక్క జారే దారి మొత్తం వదిలేసి దానికి ముందు వైపున పెట్టాలి.

మార్గం మంచిదే గానీ ఖర్చు లైటులో లేదు, రంధ్రాల్లో ఉంది. కొత్త రంధ్రం ఒకటి, పాత రంధ్రం ఒకటి. రెండూ నీళ్లు దిగే దారులే. పాతదాన్ని పుట్టీతో పూడ్చి రంగు కొట్టించడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఎండకి రేకు సాగి, రాత్రికి ముడుచుకుని, పుట్టీ చుట్టూ వెంట్రుకంత చీలిక వస్తుంది. ఆ చీలిక చాలు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక రంధ్రం కంటే అన్ని వైపులా 20 మిల్లీమీటర్లు పెద్దగా కోసి, కింద బ్యూటిల్ టేపు (మెత్తని రబ్బరు జిగురు టేపు) పరిచి బిగించడం నయం. అంతకంటే తేలికైనది, పాత లైటుని వైరు తీసేసి అక్కడే ఉత్త మూతగా వదిలేయడం. చూడటానికి రెండు లైట్లున్నట్టుంటుంది, అంతే.

### 3. ఆనింగ్ కింద స్ట్రిప్

బయట కూర్చుని తినడానికి, కబుర్లకి దీన్ని మించింది లేదు. వెలుగు ఒక చుక్కలో కాకుండా 3 మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి నీడలు పలచగా పడతాయి, తక్కువ వాట్లతోనే పనవుతుంది. పాడయ్యేదీ ఇదే ఎక్కువ. దాదాపు ప్రతిసారీ కట్టిన తీరు వల్లే పాడవుతుంది.

ఎక్కడ అంటించాలన్నది మొదటి ప్రశ్న. గుడ్డ చివర ముందుకు వెళ్లే కడ్డీ మీద అంటిస్తే వెలుగు అందంగా బల్ల మీద పడుతుంది, కానీ ఆనింగ్ చుట్టే ముందు ప్రతిసారీ ప్లగ్ పీకాలి. వాన మొదలైన హడావుడిలో ఎవరూ పీకరు. వైరు తెగుతుంది, ఒక్కోసారి గుడ్డ అంచునీ చింపుతుంది. అందుకే డబ్బా అడుగునే కట్టమంటాం. అది కదలదు, వైరూ కదలదు. వెలుగు గోడ వైపు నుంచి వస్తుంది కాబట్టి బల్లని గోడకి అడ్డంగా వేసుకుంటే నీడ గొడవ తీరుతుంది.

రెండోది వేడి. మే నెలలో విజయవాడ, గుంటూరు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున, నీడలేని చోట ఆపిన బండి రేకుని చేత్తో ముట్టుకోలేం. స్ట్రిప్ వెనక వచ్చే జిగురు ఆ వేడికి మెత్తబడి జారుతుంది. ఉత్త స్ట్రిప్ నేరుగా రేకు మీద అంటించకండి. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం చానెల్ తీసుకుని, 45 డిగ్రీల కోణంది అయితే ఇంకా మంచిది, దాన్ని స్క్రూలతోనో క్లిప్పులతోనో బిగించి స్ట్రిప్‌ని అందులో పెట్టండి. చానెల్ వేడిని లాగేస్తుంది, పాల మూత ఎల్‌ఈడీ చుక్కల్ని కనబడనివ్వదు.

మూడోది వోల్టేజీ. ‘12 వోల్టులు’ అని ఉన్న మామూలు స్ట్రిప్ బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉన్నప్పుడే చల్లగా పనిచేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నా, సోలార్ ఎక్కుతున్నా బ్యాటరీ దగ్గర 14.4 వోల్టుల దాకా ఉంటుంది. వోల్టేజీ ఐదో వంతు పెరిగితే స్ట్రిప్ లాగే కరెంటు అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది, చుక్కలు మాడిపోతాయి. సరిగ్గా 12 వోల్టులిచ్చే బక్-బూస్ట్ కన్వర్టర్ ఒకటి మధ్యలో పెట్టాలి. ‘10–30 వోల్టులు’ అని రాసున్న బార్ లైటు కొంటే ఆ పని దానిలోపలే జరుగుతుంది. ఇంట్లో ఫాల్స్ సీలింగ్‌కి మిగిలిన స్ట్రిప్ తెచ్చి కట్టడం వద్దు. అందులో చాలావాటికి తేమ రక్షణ ఉండదు. బయటికి కనీసం ఐపీ (దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ స్థాయి) 65, వాన నేరుగా కొట్టే చోట ఐపీ 67 ఉండాలి.

కత్తిరించే ముందు ఇంకో మాట. స్ట్రిప్‌ని గుర్తున్న చోటే కోయాలి, 12 వోల్టుల మామూలు రకాల్లో మూడేసి చుక్కలకో గుర్తుంటుంది. కోసిన కొసని సిలికాన్ పోసి టోపీతో మూయకపోతే ఐపీ 67 అన్న ముద్రకి విలువ లేదు. సముద్రపు గాలిలో ఆ కొసనుంచే పచ్చ చిలుము పాకుతుంది.

### 4. మెట్టు లైటు

అందరూ మరచిపోయేది, అందరికీ పనికొచ్చేది. 1 వాటు, 2 వాట్ల చిన్న లైటు, మెట్టు పైన చట్రం అడుగున, కిందికి చూస్తూ. కళ్లలో పడదు. కింద ఉండటం వల్ల పురుగులు మూగినా గుమ్మం ఎత్తుకి తక్కువ వస్తాయి. వైరు చాసిస్ కింద నుంచే లాగవచ్చు కాబట్టి గోడకి రంధ్రం పడదు. ఆ చోట బురద నీళ్లు తగులుతాయి, అందుకని ఐపీ 67 తప్పదు, వైరుకి ముడతల గొట్టం తొడగాలి. చక్రం వెనక పడే చోటైతే రాళ్లు కొడతాయి, కొంచెం లోపలికి జరపండి.

పెద్దవాళ్లు ఉన్న కుటుంబమైతే, మిగతా ఏది ఎంచుకున్నా దానికి తోడు ఇదొకటి పెట్టించండి.

### 5. చేత్తో పట్టుకెళ్లే రీచార్జి లైటు

రంధ్రం లేదు, వైరు లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ. ప్లగ్ దగ్గరికీ టైరు దగ్గరికీ తీసుకెళ్లవచ్చు. లోపాలు రెండు. అయస్కాంతం లైటు అల్యూమినియానికీ ఫైబరుకీ అంటదు. గోడకి చిన్న ఇనుప పలక అంటించుకోవాలి, బయల్దేరేటప్పుడు లైటు తీయడం గుర్తుండాలి. రెండోది, మూసిన బండిలో ఎండలో వదిలేస్తే దానిలోని లిథియం సెల్ త్వరగా సత్తువ కోల్పోతుంది. డ్యాష్‌బోర్డు మీద కాదు, కింది అరలో పెట్టండి. అద్దె బండికి వేరే దేని గురించీ ఆలోచించక్కర్లేదు, ఇదొక్కటే మార్గం.

మనిషి కదలికకి వెలిగే సెన్సర్ లైట్ల గురించి చాలామంది అడుగుతారు. ఆ సెన్సర్ ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాని పట్టుకుంటుంది. వేసవి రాత్రి గాలే 35 డిగ్రీలున్నప్పుడు తేడా సన్నగిల్లి, మనిషి దగ్గరికొచ్చేదాకా వెలగదు. చలికాలంలో మాత్రం దాబా దగ్గర తిరిగే కుక్కలన్నిటికీ వెలుగుతుంది. కాపలా కోసం పెట్టుకోవచ్చు, మెట్టు కోసం దాన్ని నమ్ముకోవద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | బాగా వెలిగేది | గోడకి రంధ్రం | పురుగుల గొడవ | ఖర్చు | త్వరగా పాడయ్యే భాగం |
|---|---|---|---|---|---|
| ఉన్న చోటే బల్బు, టోపీ మార్పు | మెట్టు, కొంతవరకు తాళం | లేదు | తగ్గుతుంది, తలుపు దగ్గరే ఉంటుంది | వందల్లో | టోపీ అంటించిన టేపు |
| గడియ వైపుకి జరపడం | మెట్టు, తాళం | కొత్తది ఒకటి, మూయాల్సింది ఒకటి | కొంచెం తగ్గుతుంది | కూలి కలిపి వేలల్లోకి పోవచ్చు | పాత రంధ్రం మూత |
| ఆనింగ్ డబ్బా కింద స్ట్రిప్ | తినే, వండే చోటు | చిన్నది ఒకటి | పసుపు వెలుగైతే తక్కువ | మధ్యస్థం | కోసిన కొసలు, జిగురు |
| మెట్టు లైటు | మెట్టు మాత్రమే | గోడకి లేదు | చాలా తక్కువ | తక్కువ | వైరు అతుకు |
| రీచార్జి లైటు | కావాల్సిన చోటు | లేదు | దూరంగా పెట్టుకోవచ్చు | తక్కువ | లోపలి సెల్ |

## ఎవరికి ఏది

శని, ఆదివారాలకి అద్దె కారవాన్ తీసుకుని నాగార్జునసాగరో మారేడుమిల్లో వెళ్లేవాళ్లకి రెండు రీచార్జి లైట్లు చాలు. ఒకటి మెట్టు దగ్గర, ఒకటి బల్ల మీద. గోడ మీది లైటు ఆపేసి, అటు నుంచి వచ్చే పురుగుల్ని తప్పించుకోండి.

బయట వండుకునేవాళ్లకి స్ట్రిప్ తప్పదు, అయితే పొయ్యిని ఆనింగ్ గుడ్డ కింద కాకుండా దాని అంచు దాటాక పెట్టాలి. కాబట్టి స్ట్రిప్ వెలుగు అక్కడికి పలచగానే చేరుతుంది. పొయ్యి దగ్గరికి రీచార్జి లైటు ఒకటి కలుపుకోండి. మసాలా రంగు తిరిగిందో లేదో ఆంబర్ వెలుగులో తెలియదు. వంట దగ్గర 4000 కెల్విన్, కూర్చునే దగ్గర 3000 కెల్విన్ అన్నది సరిపోయే రాజీ.

తరచూ సూర్యలంకకో మంగినపూడికో వెళ్లే బండైతే ఎంపిక మారుతుంది. ఉప్పు గాలి ఇనుప స్క్రూనీ తింటుంది, అల్యూమినియాన్నీ తింటుంది. రంధ్రాలు ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఉన్న లైటుకి టోపీ, చాసిస్ కింద మెట్టు లైటు, బల్ల మీద రీచార్జి లైటు. స్ట్రిప్ కావాల్సిందే అంటే సిలికాన్ గొట్టంలో పూర్తిగా పోసి మూసిన రకం తీసుకుని, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి.

హైవే మీద దాబా దగ్గరో పెట్రోలు బంకులోనో లారీల మధ్య రాత్రి గడిపేవాళ్లకి కావాల్సింది కాపలా. చుట్టూ వెలుగు అక్కడ ఎలాగూ ఉంటుంది. లోపల మంచం దగ్గర నుంచే నొక్కగలిగే స్విచ్‌తో తలుపు వైపు లైటు ఒకటుంటే చాలు, బయట చప్పుడైతే తలుపు తీయకుండానే చూసుకోవచ్చు.

పిల్లలు, ముసలివాళ్లు, ఆపరేషనైన మోకాళ్లు ఉన్న ఇంట్లో మెట్టు లైటు మొదట. స్ట్రిప్ ఆ తర్వాతి సంవత్సరానికైనా వాయిదా వేసుకోవచ్చు.

## రంధ్రం వేయక తప్పకపోతే

ఆటోనగర్‌లో చేయించినా, సొంతంగా చేసుకున్నా వరుస ఇదే. మేస్త్రీ పక్కన నిలబడి చూడండి. మొహమాటపడితే పోయేది మీ ప్లైవుడ్డే.

గోడ లోపలి ఇనుప చట్రం ఎక్కడుందో అయస్కాంతంతో వెతికి పెన్సిలుతో గీయండి. రంధ్రం చట్రం పక్కన పడాలి, చట్రం మీద పడకూడదు. లోపలి వైపు అర తెరిచి ఆ దారిలో ఏసీ పైపు, వేరే వైర్లు లేవని చూడండి. ఫ్యూజు పీకండి.

బయట మాస్కింగ్ టేపు వేసి 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, కేబులూ రబ్బరు గ్రామెట్టూ (రంధ్రం అంచుకి తొడిగే కడియం) పట్టేంత, సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు, పెంచండి. బిట్టు అడ్డంగా కాకుండా లోపలికి పైకి వాలాలి, అంటే బయటి మూతి కిందికి ఉండాలి. అప్పుడు చేరిన నీరు బయటికే జారుతుంది. రేకు అంచు గరుకుని ఆకురాయితో తీసి ప్రైమర్ పూయండి. గ్రామెట్ లేకుండా వైరు దూర్చకండి. గతుకుల రోడ్డు మీద రేకు అంచు కత్తిలా కోసి, ఒక రోజు షార్ట్ చేస్తుంది.

వైరు రాగిది, 1.5 స్క్వేర్ మిల్లీమీటర్లు. సన్నది చాలదా అంటే లెక్క ఇది: 3.6 ఆంపియర్ల స్ట్రిప్‌కి 6 మీటర్ల దూరం 0.75 వైరు లాగితే పోను రాను కలిపి 1 వోల్టు దారిలోనే పోతుంది, 1.5 వేస్తే అందులో సగం. బాడీని ఎర్తుగా వాడకుండా నెగటివ్ వైరు కూడా విడిగా లాగాలి. అల్యూమినియం, ఇనుము కలిసిన బాడీలో ఎర్తు అతుకు తుప్పు పడితే లైటు మిణుకుమంటూ ఉంటుంది, కారణం ఎన్ని రోజులైనా దొరకదు. ఫ్యూజు 3 లేదా 5 ఆంపియర్లది, బ్యాటరీ వైపు కొసలో పెట్టాలి. లైటు దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో వైరు నలిగితే కాపాడలేదు.

సీలింగ్‌కి వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం రాగినీ రేకునీ తింటుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడగండి, లేదా బ్యూటిల్ టేపు వాడండి. లైటు చుట్టూ పైనా రెండు పక్కలా మూసి, అడుగు వదిలేయాలి. నాలుగు వైపులా మూసేస్తే లోపలికి ఎలాగో చేరిన నీటికి బయటికి దారుండదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ 304, మరల మీద కొంచెం సిలికాన్ రాసి, చివరి బిగింపు చేత్తో. మిషనుతో బిగిస్తే ప్లాస్టిక్ చట్రం చిట్లుతుంది, ఫైబరులో మర ఊడుతుంది. పలచని ఫైబరు గోడైతే వెనక ప్లై ముక్క ఆసరా ఉండాల్సిందే.

ఒక రోజు ఆరనిచ్చి, గార్డెన్ పైపుతో కింది నుంచి పైకి నెమ్మదిగా 10 నిమిషాలు నీళ్లు కొట్టండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. మొదటే పై నుంచి కొడితే ఎక్కడ కారుతోందో తెలియదు.

## పాడైనప్పుడు ఏది చూడాలి

స్ట్రిప్ మొదట బాగా, చివర మసకగా ఉంటే వోల్టేజీ దారిలో పోతోంది. రెండు కొసల నుంచీ కరెంటు ఇవ్వండి. వరసగా మూడు చుక్కలు మాత్రమే ఆరితే ఆ ముక్కలో ఒక అతుకు వదిలింది, గుర్తుల దగ్గర కోసి ఆ ముక్క మార్చవచ్చు. ఇంజన్ స్టార్టు చేయగానే బాగా ప్రకాశించి, నెలలో రంగు మారితే కన్వర్టర్ లేదని అర్థం.

లెన్స్ లోపల నీటి చుక్కలు కనబడగానే కారుతోందని అనుకోకండి. ఆగస్టు రాత్రి ఏసీ వేసుకుని పడుకుంటే లోపలి చల్లగాలి వైరు రంధ్రం గుండా లైటులోకి వచ్చి, అక్కడున్న తేమని నీరు చేస్తుంది. వాన లేని రోజునా చుక్కలుంటే ఇదే కారణం. బయట ఇంకో పొర సిలికాన్ పూయించడం వృథా, అడుగున వదిలిన దారి కూడా మూసుకుపోతుంది. లోపలి వైపు వైరు చుట్టూ సందుని ఫోముతోనో సిలికాన్‌తోనో మూస్తే ఆగుతుంది.

## ఇంకా కట్టని బండైతే

కారవాన్ ఇప్పుడే షెడ్డులో తయారవుతుంటే పైన చెప్పిన అవస్థలో సగం తప్పించుకోవచ్చు. లోపలి ప్లై మూయకముందే, ఆనింగ్ ఎక్కడ బిగిస్తారో, దాని డబ్బా అడుగు ఏ ఎత్తున వస్తుందో గోడ మీద గీయించండి. పై అర నుంచి ఆ గీతకి దిగువగా రెండు చోట్లకి, మెట్టు చట్రానికి ఒక చోటికి, 20 మిల్లీమీటర్ల ఖాళీ ప్లాస్టిక్ పైపులు వేయించి, లోపల నైలాన్ తాడు వదలమనండి. లైటు ఇప్పుడే కొనక్కర్లేదు. ప్లై కొట్టే రోజు పొద్దున షెడ్డుకెళ్లి, గోడకి కొలత టేపు ఆనించి పెట్టి, పైపులన్నీ కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరు డ్రిల్లు పట్టుకున్నా ముందు ఆ ఫొటో చూపించండి.